గంజిబట్ట మనుషులు

బాలనర్సమ్మ కొట్టుకు బోర్డు లేదు. నాచారం మెయిన్ రోడ్డు మీద నుంచి మా అపార్ట్‌మెంటు వైపు మలుపు తిరిగేచోట మందుల షాపుకూ కోడిగుడ్ల దుకాణానికీ నడుమ ఇరుక్కున్న ఒక్క షట్టరు. లోపల ఒక కుట్టుమిషను, గంజి కాచే పెద్ద తపేలా, ఇస్త్రీ బల్ల. బయట కట్టిన తాళ్ల మీద ఎప్పుడు చూసినా రెండు మూడు నూలు చీరలు ఆరుతుంటాయి. బోర్డు చేసే పని అవే చేస్తాయి.

నేను స్కూలు టీచర్ని. మాది తెనాలి దగ్గర. పెళ్లయి ఇక్కడికి వచ్చి ఇక్కడి దాన్నే అయిపోయాను కానీ నూలు చీరలు కట్టే అలవాటు మాత్రం మానలేదు. నూలు చీరకు గంజి సరిగ్గా కుదరకపోతే మధ్యాహ్నం అన్నం తినే వేళకే అది వంటింట్లో మసిగుడ్డలా అయిపోతుంది. బాలనర్సమ్మ చేతిలో పడ్డ చీర అలా కాదు. పొద్దున ప్రేయర్‌లో పెట్టిన కుచ్చిళ్లు సాయంత్రం లాంగ్ బెల్ దాకా పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అందుకే నాకు ఆమెతో ఇన్నేళ్ల పరిచయం. అయినా ఆమె గురించి నాకేమీ తెలియదని మొన్న అక్టోబరులో గాని తెలియలేదు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పుట్టిందీ పెరిగిందీ ఉప్పల్లో. మూసీ నీళ్లు పారే బాగాయత్ తోటల్లో వాళ్ల కుటుంబం పాలకూర, కొత్తిమీర, పుదీనా పండించేది. ఇప్పుడు ఆ తోటల మీద వెడల్పాటి రోడ్లూ ప్లాట్లూ వచ్చాయి, పక్కనే మెట్రో పోతుంటుంది. భర్త సిద్దయ్య నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక దారం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. ఇంతవరకే నాకు తెలిసింది.

మా పై అంతస్తులో ఉదయశ్రీ అని ఒక అమ్మాయి ఉంది. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనిషి చలాకీ, ఏ పని పట్టుకున్నా వదలదు. అక్టోబరు చివర్లో పిల్లలకు హాలోవీన్ పార్టీ చేయడం మా అపార్ట్‌మెంటులో రెండు మూడేళ్లుగా అలవాటైంది. ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ పుర్రెలు, రబ్బరు సాలీళ్లు బల్ల మీద పరిస్తే, చుట్టూ పిల్లలు కేకలు పెడుతూ తిరిగేవాళ్లు. ఈసారి పిల్లలే "మళ్లీ అవేనా?" అన్నారు. దాంతో ఉదయశ్రీకి పట్టుదల వచ్చింది. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి లేకుండా బల్లంతా మన చేతుల్తోనే అలంకరిద్దాం అంది. సాలెగూళ్లు అల్లే పని నాకిచ్చింది. నల్ల చార్టుతో గబ్బిలాలు తను కత్తిరిస్తానంది. అసలు సంగతి దయ్యాలు. వాటికి గంజి కావాలి. ఆ విధంగా నేను ఆమెను వెంటబెట్టుకుని బాలనర్సమ్మ షట్టరు ముందుకు వెళ్లాను.

ఉదయశ్రీ ఫోన్లో ఒక వీడియో చూపించింది. "చూడండాంటీ. సీసా మీద బంతి పెట్టి, గంజిలో ముంచిన గుడ్డ దాని మీద కప్పుతారు. ఆరాక సీసా తీసేస్తే గుడ్డ అలాగే నిలబడుతుంది. అచ్చం దయ్యంలా."

బాలనర్సమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. "మల్లొక్కపారి పెట్టు బిడ్డా" అంది. రెండోసారి కూడా రెప్ప వేయకుండా చూసింది. తర్వాత అడిగింది.

"దయ్యాలు దేనికి?"

"పిల్లల పార్టీకి. బల్ల మీద దయ్యాల్ని పెట్టి, మధ్యలో స్వీట్లూ తినేవీ పెడతాం."

"దయ్యాలకు పెడ్తరా?"

"కాదాంటీ, పిల్లలకు."

బాలనర్సమ్మ నవ్వింది. "మేం పెత్రమాస నాడు పోయినోళ్లకు పెట్టి, తర్వాత మేం తింటం. మీరు పోయినోళ్లను పక్కన కూసోవెట్టుకోని తింటరన్నట్టు. బాగనే ఉన్నది. జేద్దాం. కని కొత్త గుడ్డ కొనకుండ్రి. పాత ధోతులు, పాత చీరలు ఉంటె తేర్రి. కొత్త గుడ్డ మాట వినది."

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ఆ షట్టరు కింద కూర్చున్నాం. సగ్గుబియ్యం గంజి తపేలాలో కుతకుత ఉడుకుతోంది. మొదటిది ఉదయశ్రీ చేసింది. సీసా, బంతి, గుడ్డ అన్నీ వీడియోలో చెప్పినట్టే. ఫ్యాను కింద పెట్టి ఆరాక సీసా తీసింది. గుడ్డ నిజంగానే నిలబడింది. ఉదయశ్రీ చప్పట్లు కొట్టింది. లోపల ఏ ఆధారమూ లేకుండా ఒక గుడ్డ తనంతట తాను నిలబడటం చూస్తే నాకూ సరదా వేసింది.

బాలనర్సమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. "మంచిగనే ఉన్నది బిడ్డా. నిలవడుడు వచ్చింది. ఎవలు నిలవడ్డరో గది రాలె" అంది.

"అంటే?"

ఆమె లోపలికి వెళ్లి ఒక ఇత్తడి చెంబు, ఇనుప తీగ హ్యాంగరు తెచ్చింది. హ్యాంగరును మోకాలి మీద పెట్టి వంచి చెంబుకు బిగించింది. మా మావగారి పాత ధోతి ముక్క ఒకటి గంజిలో ముంచి, పిండి, ఒక్క దులుపు దులిపి దాని మీద వేసింది. ఇక అక్కడి నుంచి నేను ఆమె ముఖం చూడలేదు, చేతులే చూశాను. మెడ దగ్గర రెండు వేళ్లతో ఇలా నొక్కింది. ఒక పక్క కాస్త కిందికి లాగింది. నడుము దగ్గర అరచేతితో లోపలికి తోసి, ఆ పక్కనే గుడ్డను కొద్దిగా బయటికి ఉబ్బనిచ్చింది. పాదాల దగ్గర అంచు ఒకచోట ముందుకు జరిపింది. అంతే. ఏదీ రెండోసారి ముట్టుకోలేదు.

ఎండ బాగా ఉన్న రోజు కావడంతో త్వరగానే ఆరింది. ఆమె అడుగు నుంచి చెంబునూ తీగనూ మెల్లగా బయటికి లాగేసింది.

గచ్చు మీద మూరెడు ఎత్తున ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముఖం లేదు. చేతులు లేవు. కాళ్లు లేవు. ఉన్నదల్లా ఒక ధోతి ముక్క, దాని లోపల ఖాళీ. అయినా ఆమె నెత్తి మీద బరువుందని, ఆ బరువుకు మెడ బిగించిందని, నడుము ఒక పక్కకు వంచి ఒక కాలు ముందుకు వేయబోతోందని నాకు తెలిసిపోయింది. రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మేమిద్దరం ఆ బొమ్మ అదిరిపడుతుందేమో అన్నట్టు చూస్తున్నాం.

"ఎవరాంటీ ఇది?" అని గుసగుసగా అడిగింది ఉదయశ్రీ.

"ఎవలో. చేతికొచ్చింది" అంది బాలనర్సమ్మ. ఆమె కూడా దాన్ని కొత్తగానే చూస్తోంది.

తర్వాత వారమంతా స్కూలు నుంచి వస్తూ నేను ఆ షట్టరు దగ్గర ఆగకుండా ఇంటికి వెళ్లలేకపోయాను. వెళ్లిన ప్రతిసారీ లోపలి అలమరలో ఇంకొందరు నిలబడి ఉండేవాళ్లు. వంగి ఏదో కోస్తున్న ఒకామె. వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్న ఒకామె. బొంత కప్పుకుని ముడుచుకు కూర్చున్న ముసలాయన. చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లి. ఆ బిడ్డ విడిగా ఏమీ లేదు, గుడ్డలో ఒక చిన్న ఉబ్బు మాత్రమే. అందరికంటే చిన్నది ఒకటి జానెడు కూడా లేదు, చతికిలబడి కూర్చున్నట్టుంది. నేను దాన్ని చేతిలోకి తీసుకోబోతే బాలనర్సమ్మ "జర పైలం టీచరమ్మా, అది ఇంక ఆరలే" అంది. అది పొడిగా ఆరిపోయే ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నర్సమ్మా, ఇన్ని దయ్యాల మధ్య ఒక్కదానివే పని చేసుకుంటున్నావు. భయం వెయ్యదా?" అన్నాను నవ్వుతూ.

అప్పుడే టీ పట్టుకొచ్చిన సిద్దయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. "ఆమెకు భయమా టీచరమ్మా? ఒకప్పుడు ఆమెకే దయ్యం వట్టిందన్నరు" అన్నాడు. అని, చెప్పకూడనిది చెప్పానేమోనన్నట్టు భార్య వైపు చూశాడు.

బాలనర్సమ్మ మిషను మీద నుంచి కాలు తీసింది. "చెప్పు, ఏమైతది. నువ్వుగూడ ఆడనే ఉంటివి గద" అంది. కానీ చెప్పింది తనే.

పెళ్లయిన మరుసటి సంవత్సరం ఆమెకు మొదటి కాన్పు. మగపిల్లాడు. పుట్టిన పూటే పోయాడు. తల్లి చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లు ఆ పసివాణ్ణి ఆమెకు చూపించకుండానే గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. ఆ రోజు నుంచి ఆమెకు మాట పోయింది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. నెలలు గడిచినా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. చెడ్డ మనిషి కాకపోయినా అత్తగారు హడలిపోయింది. కోడలికి గాలి సోకిందనుకుని ఘట్‌కేసర్ అవతలి నుంచి ఒక ముసలి మంత్రగాణ్ణి పిలిపించింది.

"వాకిట్ల ముగ్గేసిన్రు. పసుపు, కుంకుమ, బొగ్గుపొడి. నడుమ బియ్యప్పిండితోని ఒక బొమ్మ జేసి పెట్టిండు. నాల ఉన్న గాలి గా బొమ్మలకు రావాలె అని గాయిన మంత్రాలు. యాపమండలతోని నా మీద కొడ్తుండు. చుట్టూ వాడకట్టు మొత్తం జమైంది. నాకేం వినవడ్తలేదు టీచరమ్మా. నాకు గా బొమ్మ ఒక్కటే కనవడ్తుంది. ముద్ద లెక్క జేసి రెండు బొక్కలు వెట్టిండు, గంతే. ముక్కు లేదు, చెవులు లేవు. నా పిలగాని మొకం నేను సూడనే లేదు. గీ బొమ్మకన్న మొకం ఉండాలె గద అనిపిచ్చింది."

ఆమె ముగ్గులోకి చెయ్యి చాపింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. మంత్రగాడు వేపమండ పైకెత్తాడు. ఆమె పిండిబొమ్మను తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ రెండు కళ్ల గుంటల్నీ బొటనవేలితో మూసేసి, నిద్రపోతున్నట్టు సన్నని గీతలు గీసింది. ముక్కు నిలబెట్టింది. చెవులు చేసింది. కింది పెదవి కొద్దిగా ముందుకు వచ్చేలా నోరు చేసింది. వాకిట్లో ఎవరూ కదల్లేదట.

"నేను గోడకానుకోని నిలవడ్డ" అన్నాడు సిద్దయ్య. "గాయిన యాపమండ కింద వడేసిండు. ఆమె ముంగట సతికిలవడ్డడు. శానసేపు గా బొమ్మనే సూసిండు. సూసి, మెల్లగ అడిగిండు, బిడ్డా, పేరు వెట్టినవా అని."

"నేను పేరు జెప్పిన" అంది బాలనర్సమ్మ.

నెలల తర్వాత ఆమె పలికిన మొదటి మాట అదే. ఆ పేరేమిటో నేను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

మంత్రగాడు లేచి తన సంచి సర్దుకున్నాడట. "గీమెకు ఏ గాలీ సోకలే. పిలగాణ్ణి తల్లికి సూపెట్టకుండ తీస్కపోయిన్రు మీరు. గంతే" అని అత్తగారితో చెప్పి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అత్తగారు తన కొత్త చీర కొంగు చింపి ఆ బొమ్మను చుట్టి ఇచ్చింది. ముగ్గురూ కలిసి వెళ్లి బాగాయత్ కాల్వలో వదిలివచ్చారు.

చెప్పడం అయిపోయాక బాలనర్సమ్మ మళ్లీ మిషను తొక్కింది. నా టీ చల్లారిపోయింది. అలమరలో నిలబడ్డవాళ్లంతా ఇప్పటిదాకా ఈ కథ విన్నవాళ్లలా ఉన్నారు. నేను ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తులేదు.

పార్టీ రోజు వచ్చింది. కమ్యూనిటీ హాల్లో రెండు పొడవాటి బల్లలు కలిపి నల్లగుడ్డ పరిచాం. నా సాలెగూళ్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు కట్టాం, దారం చిక్కుపడి ఒకటి నిజం సాలెగూడు కంటే బాగా వచ్చింది. ఉదయశ్రీ గబ్బిలాలు ఫ్యాను రెక్కల కింద వేలాడుతున్నాయి. ఆమె ఒక గుమ్మడికాయకు కళ్లూ పళ్లూ చెక్కి గుమ్మం దగ్గర పెడితే, ఒక పెద్దాయన అది దిష్టికాయ అనుకుని దానికి బొట్టు పెట్టి వెళ్లాడు. ఇడ్లీల మీద నల్లద్రాక్షలు గుచ్చి కనుగుడ్లు చేశాం. అంతా అల్లరల్లరిగా ఉంది.

దయ్యాల్ని సిద్దయ్య, బాలనర్సమ్మ రెండు అట్టపెట్టెల్లో జాగ్రత్తగా మోసుకొచ్చారు. ఎక్కడ ఎవరిని పెట్టాలో ఆమె ఎవరినీ అడగలేదు. బల్ల ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అందరినీ ఒకే వైపుకు తిప్పి, ముందూ వెనకా వరసలో నిలబెట్టింది. వాళ్ల కాళ్ల మధ్య నుంచి బంతిపూల రేకులు దారిలా చల్లింది. ఉదయశ్రీ ఒక్కొక్కరి లోపల చిన్న బ్యాటరీ దీపం పెట్టింది. ఆ ఆలోచన ఉదయశ్రీదే. అది లేకపోతే ఆ తర్వాత జరిగింది జరిగేది కాదు.

చీకటి పడే వేళకు హాలు తలుపులు తీశారు. మాస్కులు పెట్టుకుని, నల్లకోట్లు వేసుకుని పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ, కేకలతో లోపలికి వచ్చారు. ఉదయశ్రీ పెద్ద లైట్లు ఆర్పేసింది.

కేకలు ఆగిపోయాయి.

ఎవరూ ఆపమనలేదు. బల్ల మీద తెల్లని మనుషులు లోపలి నుంచి వెలుగుతూ నడిచిపోతున్నారు. గుడ్డ పల్చగా ఉన్నచోట వెలుగు, మడత పడ్డచోట నీడ. ఆ నీడల్లోనే మోకాళ్లు, మోచేతులు, వంగిన వీపులు. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే, కిటికీలోంచి పడే వీధిదీపం వెలుగులో గబ్బిలాల నీడలు వాళ్ల మీదుగా జారి, వాళ్లే కదులుతున్నట్టు కనిపించింది. గోడ మీద ఆ వరస నీడ మనిషెత్తున పడింది. పిల్లలు మాస్కులు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తడం కూడా మర్చిపోయారు. గుళ్లో తెర తీసినప్పుడు ఒక క్షణం అందరూ ఆగిపోతారే, అలా ఉంది ఆ హాలు.

ఒక చిన్నపిల్ల బల్ల అంచుకు గడ్డం ఆనించి అడిగింది. "వీళ్లంతా ఎక్కడికి వెళ్తున్నారు?"

"మార్కెట్‌కు బిడ్డా" అంది బాలనర్సమ్మ. "తెల్లారకముందే పోవాలె. లేకుంటె కూర వాడిపోతది."

"దయ్యాలకు కూరెందుకు?"

"అమ్మనీకె."

పిల్లలు మెల్లగా నవ్వారు. ఆ పిల్ల తన చేతిలోని చాక్లెట్టును అందరికంటే చిన్నదాని ముందు పెట్టింది. అది చూసి ఇంకొకరు పెట్టారు. కాసేపటికి ఆ జానెడు బొమ్మ చుట్టూ చాక్లెట్లు పోగయ్యాయి. గోడ దగ్గర నిలబడ్డ సిద్దయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా వాచ్‌మన్ కనకరాజు గుమ్మంలోకి వచ్చాడు. గేటు దగ్గర ఎవరిదో కారు అడ్డంగా ఉంది, తీయమని చెప్పడానికి. "సార్, గా కారు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. బల్ల వైపు చూస్తూ ఒక అడుగు వేశాడు. వెనక్కి వెళ్లి చెప్పులు గుమ్మం బయట విడిచాడు. మళ్లీ వచ్చి బల్ల పక్కనే నడుస్తూ, వరసలో మూడొంతుల దూరం వెళ్లి, నెత్తి మీద మోపుతో ఒక కాలు కాస్త ఈడ్చినట్టున్న ఒకామె ముందు నిలబడ్డాడు.

"గీమె మా అవ్వ" అన్నాడు.

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. కనకరాజు నెరిసిన జుట్టు మనిషి, గట్టిగా మాట్లాడటం కూడా ఎప్పుడూ విన్లేదు మేము. కీసర దగ్గర అత్తగారి ఊరి నుంచి వచ్చాడని తప్ప అతని గురించి మాకేమీ తెలియదు.

బాలనర్సమ్మ అతని దగ్గరికి వచ్చింది. "ఎవల కొడుకువు నువ్వు?"

"మాది ఉప్పలే. బాగాయత్ల గడ్డి కోసి అమ్మేటోళ్లం. మల్లమ్మ కొడుకును."

"గడ్డి మల్లమ్మనా! గడ్డిమోపు ఎత్తుకుంటె ఎడమ కాలు జర ఈడ్సేది."

"గామెనే" అన్నాడు కనకరాజు. "చిన్నప్పుడు ఎద్దు తొక్కింది గా కాలును."

బాలనర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మల్లమ్మను చేయాలని ఆమె అనుకోలేదు. పొద్దున్నే ముందు తన తల్లి, వెనక మల్లమ్మ, ఆ వెనక కొత్తిమీర గంపతో తను, అలా నడిచిన పిల్లగా ఆమె చూసింది ఆ వీపునే. ఎన్నో ఏళ్లు చూసిన ఆ వీపును ఆమె చేతులు దాచుకున్నాయి. తను ఎవరిని చేసిందో కొడుకు వచ్చి చెప్పేదాకా ఆమెకే తెలియలేదు. ఈ కనకరాజు గేటు ముందు నుంచే ఆమె ఎన్నోసార్లు ఇస్త్రీ మూటలు మోసుకుపోయింది. ఒకరికొకరు ఎవరో ఇద్దరికీ తెలియదు.

కనకరాజు మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఆమె ఎత్తుకు తన కళ్లు వచ్చేలా. ముట్టుకోలేదు. "ఫోటువ గిట్ల ఒక్కటి లేదు అవ్వది" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "మొకం యాదికి తెచ్చుకుందామంటె రాదు. గిప్పుడు వచ్చింది." ఆ గుడ్డకు ముఖమే లేదు. కానీ ఆ మాటకు హాల్లో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ఉదయశ్రీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి అతనే లేచాడు. "కారు తియ్యాలె సార్" అన్నాడు. ఎవరో గబగబా వెళ్లి కారు తీశారు. లైట్లు వేశాం. పిల్లలు ఇడ్లీ కనుగుడ్లు తిన్నారు, పరుగులు పెట్టారు, పార్టీ పార్టీలాగే సాగింది. కానీ అందరూ ఆ బల్లకు తగలకుండా తిరిగారు. చెప్పకుండానే.

మల్లమ్మను కనకరాజుకే ఇచ్చేశారు. మర్నాడు పొద్దున డ్యూటీ దిగి ఉప్పల్‌లో ఉన్న అక్క ఇంటికి వెళ్తూ అతను ఆమెను ఒళ్లో నిటారుగా పెట్టుకుని షేర్ ఆటోలో కూర్చున్నాడు. పక్కవాళ్లు ఇరుక్కుని ఆమెకు చోటిచ్చారని తర్వాత చెప్పాడు. అడిగిన పిల్లలందరికీ ఒక్కొక్కటి ఇచ్చింది బాలనర్సమ్మ. "వానకు తడవనియ్యకుండ్రి" అని మాత్రం చెప్పింది. అందరికంటే చిన్నదాన్ని సిద్దయ్య తువ్వాలులో చుట్టుకుని తీసుకుపోయాడు.

రెండు రోజుల తర్వాత నేను చీరల కోసం వెళ్లేసరికి, మిగిలినవాళ్లు ఒక బకెట్లో నానుతున్నారు. గంజి కరిగి నీళ్లు తెల్లగా ఉన్నాయి. అందులో ధోతి ముక్కలు, చీర ముక్కలు.

"అయ్యో! ఎందుకు నర్సమ్మా?"

"బట్ట గద టీచరమ్మా. గంజిల ఉంచితె బొద్దింకలు తింటయి. ఉతికి పెట్టుకుంటె మల్ల పనికొస్తది."

ఆమె ఒక ముక్క పిండి, దులిపి, తాడు మీద వేసింది. గాలికి అది మామూలు గుడ్డలా ఊగింది. ఒక మాట అడగాలని రెండు రోజులుగా నా మనసులో ఉంది. అప్పుడు అడిగేశాను.

"మా అమ్మను చేస్తావా?"

మా అమ్మ పోయి చాలాకాలమైంది. ఫోటోలు ఉన్నాయి. అన్నింట్లోనూ కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంటుంది.

"నేను సూడలే గద మీ అమ్మను" అంది బాలనర్సమ్మ. "ఎట్ల నిలవడేది?"

నేను ఆలోచించాను. అమ్మ గొంతు గుర్తుంది. చింతకాయ పచ్చడి గుర్తుంది. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద పెట్టిన చెయ్యి గుర్తుంది. ఎలా నిలబడేది? ఎంత తన్నుకున్నా రాలేదు. సిగ్గేసింది. సాయంత్రం నాన్న కోసం చూసేటప్పుడు గుమ్మంలో ఉండేది, అంతవరకే తెలుసు. అది చెబుదామని స్టూలు మీద నుంచి లేచాను. లేచి షట్టరు దగ్గరికి వెళ్లాను. "ఇదిగో, ఇక్కడ..." అంటూ గోడకు భుజం ఆనించాను. ఒక పాదం రెండో పాదం మీదికి దానంతటదే వెళ్లింది. చెయ్యి కొంగు చివర పట్టుకుని పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. అలా నిలబడి రోడ్డు వైపు చూశాను.

నేను ఇలాగే కదా ఎప్పుడూ నిలబడేది, స్కూల్లోనూ ఇంట్లోనూ. అది నాదే అనుకున్నాను ఇన్నేళ్లూ.

"కదలకు టీచరమ్మా" అంది వెనక నుంచి బాలనర్సమ్మ. "గట్లనే ఉండు."

రోడ్డు మీద స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరుగుతున్నాయి. నేను కదల్లేదు. గుడ్డ గంజిలో మునిగిన చప్పుడు, ఆమె దాన్ని పిండిన చప్పుడు, తర్వాత గాలిలో ఒక్క దులుపు వినిపించాయి.